అమ్మ ఇల్లు ఖాళీ చేయాలి: పేర్లు కొట్టించిన గిన్నెలను ఏం చేయమంటారు?

ప్రశ్న: హంద్రీగట్టు (అనంతపురం)

అందరికీ నమస్కారం. మా సొంత ఊరు కర్నూలు. పాత పట్టణంలో మా నాన్నగారు కట్టించిన ఇంట్లో, ఆయన పోయిన తర్వాత ఆరేళ్లుగా అమ్మ ఒక్కతే ఉంటోంది. ఆమెకిప్పుడు 74 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు ఎక్కువై మెట్లెక్కడం కష్టమవడంతో, ఎన్నాళ్లుగానో బతిమాలగా ఇప్పటికి అనంతపురంలో మా దగ్గరికి వచ్చి ఉండడానికి ఒప్పుకుంది. ఇల్లు కొనేవారు బయానా ఇచ్చారు. ఆషాఢం రాకముందే ఖాళీ చేసి తాళాలు అప్పగిస్తామని మాటిచ్చాం కాబట్టి నా చేతిలో ఉన్నది ఐదు వారాలు.

చిక్కంతా సామానుతోనే. మాది రెండు పడకగదుల ఫ్లాటు. అక్కడ మూడు సజ్జలు, రెండు ఇనుప బీరువాలు, ఒక భోషాణం, వంటింటి వెనక ఒక సామాన్ల గది ఉన్నాయి. వాటిలో చెయ్యి పెట్టే సందు లేదు. పోయిన ఆదివారం లెక్క రాద్దామని కూర్చొని, స్టీలు గ్లాసులు 140 దాటాక పెన్ను పక్కన పెట్టేశాను. అవి కాక తొమ్మిది టిఫిను క్యారియర్లు, ఒక ఇత్తడి గంగాళం, ఆరు బిందెలు, అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కంచు గిన్నెలు, కాలితో తొక్కే కుట్టు మిషను, 60కి పైగా చీరలు, నాన్నగారి చొక్కాలు, ఒక్కటీ తిరగని నాలుగు గోడ గడియారాలు, మడతలు పెట్టి పరుపు కింద దాచిన ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి.

స్టీలు సామాన్లలో సగానికి పైగా వాటి మీద ఇచ్చినవాళ్ల పేర్లు కొట్టించి ఉన్నాయి. మా గృహప్రవేశానికి, అక్క పెళ్లికి, నా పెళ్లికి, పిల్లల నామకరణాలకు చదివించినవి. ఒక పళ్లెం అంచున ఫలానా వారి కుటుంబం, డోన్, 14-5-1992 అని చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటే, ఆ కుటుంబం ఎవరో నాకు గుర్తే రాలేదు. అమ్మ ఆ పళ్లెం చూడగానే వాళ్ల ముగ్గురు పిల్లల పేర్లూ వరుసగా చెప్పింది.

ఇంకొక సంగతి చెప్పకపోతే నా ప్రశ్న పూర్తికాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచెత్తినప్పుడు మా ఇంట్లో నీళ్లు ద్వారబంధం అంచు దాకా వచ్చాయి. అమ్మా నాన్నా రెండు రాత్రులు మిద్దె మీదే గడిపారు. దిగి వచ్చేసరికి పరుపులు, బియ్యం, బట్టలు, పెళ్లి ఫోటోలు, నా పదో తరగతి మార్కుల జాబితా అన్నీ ఒండ్రుమట్టిలో ముద్దలైపోయాయి. కడుక్కొని మళ్లీ వాడుకోగలిగినవి గిన్నెలొక్కటే. అమ్మ వారం రోజులు వీధి కుళాయి దగ్గర కూర్చొని వాటిని తోమింది. ఆ తర్వాత ఏ గిన్నెనూ ఇల్లు దాటనివ్వలేదు.

నేను ఒకటి తీసి పక్కన పెడితే, "యాడికి పోతాయిరా అవి, వాటికేమన్నా తిండి పెట్టాల్నా?" అంటుంది. మా ఆవిడ ఈ విషయంలో నోరు విప్పనంటోంది. కోడలు మాట్లాడితే గిన్నెల గొడవ కాస్తా ఇంకో గొడవగా మారుతుందని ఆమె లెక్క, అది తప్పు లెక్కా కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది ఎవరికివ్వాలో, అమ్మ మనసు నొవ్వకుండా ఈ పని ఎలా జరిపించాలో, ఇలాంటిది చేసినవారు చెప్పగలరా?

జవాబు: మైదుకూరు కోడలు (కడప)

అన్నగారూ, ముందు నేను చేసిన తప్పు చెబుతాను, తర్వాత సలహా చెబుతాను.

మా అత్తమ్మ ఒంటిమిట్ట కల్యాణానికి వెళ్లిన రోజున, ఆమె లేని సమయం చూసుకొని, మేము పాత సామానంతా గుజిరీవాడికి తూచి ఇచ్చేశాం. అందులో అంచు కొంచెం విరిగిన పాత ఇనుప పెనం ఒకటి పోయింది. మాకు అది మసిపట్టిన ఇనుము. ఆమెకు అది నలభై ఏళ్లుగా జొన్నరొట్టె కాల్చిన పెనం, ఏ మంట మీద ఎంతసేపు ఉంచాలో చేతికి తెలిసిన పెనం. ఆ రోజు గుజిరీవాడిచ్చిన డబ్బు ఆమె బస్టాండు నుంచి ఇంటికి వచ్చిన ఆటో చార్జీకి కూడా సరిపోలేదు. ఆ తర్వాత మూడేళ్ల పాటు, రొట్టె మాడిన ప్రతిసారీ, మాటైనా అనకుండా నా వైపొక చూపు చూసేది. కాబట్టి అమ్మగారు ఇంట్లో లేనప్పుడు ఒక్క చెంచా కూడా బయటికి పంపకండి. పని ఆలస్యమైనా ఫరవాలేదు, ప్రతి వస్తువూ ఆమె చేతి మీదుగానే పోవాలి.

గిన్నెలతో మొదలుపెట్టకండి. కథ లేని వస్తువులతో మొదలుపెట్టండి: గడువు తీరిన మందులు, ఎండిపోయిన పెన్నులు, పాత రిమోట్లు, తిరగని గడియారాలు. పాత శుభలేఖలు, దేవుడి బొమ్మలున్న క్యాలెండర్ల దగ్గర పెద్దవాళ్లు ఆగిపోతారు. వాటిని వేపచెట్టు మొదట్లో పెట్టి రావడం మనవాళ్ల అలవాటు గానీ, అది మన ఇంటి బరువును చెట్టు కిందికి మార్చడమే అని నా అభిప్రాయం. మేము బొమ్మ వరకు కత్తిరించి, బకెట్టు నీళ్లలో నానబెట్టి, ముద్దయ్యాక ఆ నీళ్లను పూలకుండీలో పోశాం. అత్తమ్మకు అది తప్పుగా తోచలేదు.

ఇక పేర్లు కొట్టించిన గిన్నెల సంగతి. ఇది నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. మనం వాటిని గిన్నెలు అనుకుంటాం, వాళ్లకు అవి చదివింపుల పద్దు. ఈ బేసిను మా పెద్దమ్మ కూతురు పెట్టింది, వాళ్ల మనవరాలి వోణీల పండగకు మనం తిరిగి పెట్టాల, అని మా అత్తమ్మ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకొని చెప్పేది. గిన్నె ఇల్లు దాటితే ఆ బాకీ గుర్తుండదని, బాకీ మరిస్తే చుట్టరికం తెగుతుందని ఆమె భయం. దాన్ని చాదస్తమనలేం. మన సీమలో పెళ్లి చదివింపులు మైకులో పేరుపేరునా చదువుతారు కదా, ఆ లెక్క ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాల్సిందే.

అందుకని ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం కొన్నాం. ఆమె చెబుతుంటే మా పాప రాసింది: ఎవరు, ఏ ఊరు, ఏ శుభకార్యం, ఏం పెట్టారు, మనం తిరిగి పెట్టామా లేదా. తొమ్మిది సాయంత్రాలు పట్టింది. పద్దు పుస్తకంలోకి ఎక్కిన గిన్నెను ఆమే పక్కకు జరిపి, "ఇది పోనీలే" అనడం మొదలుపెట్టింది. అయితే ఒక పది గిన్నెలను మాత్రం ముట్టుకోనివ్వలేదు. అవి ఎవరివా అని పుస్తకం తిరగేస్తే, తిరిగి పెట్టడానికి ఇంట్లో ఎవరూ మిగలని వాళ్లవి. ముందుగా పోయేవి అవేనని నేను అనుకొని ఉంటిని.

జవాబు: పాత్రలంగడి (ప్రొద్దుటూరు)

ముప్పై ఏళ్లుగా పాత్రల వ్యాపారంలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. మనసు సంగతి పైన మైదుకూరు అమ్మగారు చక్కగా చెప్పారు. నేను లోహం సంగతి చెబుతాను.

కంచును, ఇత్తడిని ముందు వేరు చేయండి. ఇత్తడిలో ఉండేది రాగి, జింకు. కంచులో ఉండేది రాగి, తగరం. మంచి కంచులో రాగి సుమారు 78 పాళ్లు, తగరం 22 పాళ్లు ఉంటుంది. తగరం ఖరీదు ఎక్కువ కాబట్టి కంచు ధరా ఎక్కువే. ఇంటి ముందుకు వచ్చి కొనేవాళ్లలో కొందరు కంచు గిన్నెను కూడా ఇత్తడి లెక్కలోనే తూచేస్తారు. గిన్నెను అరచేతిలో నిలబెట్టి వేలి కణుపుతో తట్టి చూడండి. కంచయితే గంటలాగా మోగి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. ఇత్తడి ఒక్కసారి టంగుమని ఊరుకుంటుంది. ఇంకో తేడా ఏమిటంటే, ఇత్తడి కింద పడితే సొట్ట పోతుంది, కంచు పగిలిపోతుంది. అందుకే లారీలో వేసేటప్పుడు కంచు గిన్నెల మధ్య పాత గుడ్డలు తప్పక పెట్టండి. అమ్మగారి పుట్టింటి కంచు గిన్నెలు అమ్మకండి అనేదే నా సలహా. అలాంటి మందం ఇప్పుడు మా అంగట్లో చూపించలేను.

ఇత్తడి గిన్నెల్లో వండాలని ఉంటే లోపల కలాయి తప్పనిసరి. కలాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు పెడితే చిలుము పుట్టి వంట పాడవుతుంది. గిన్నెను కాల్చి, నవాసారం చల్లి, తగరం కరిగించి గుడ్డతో లోపలంతా పూస్తారు. ఒకప్పుడు కలాయివాళ్లు వీధిలోకే వచ్చి, తిత్తి పెట్టుకొని, పూట గడిచేసరికి వీధంతటికీ చేసి వెళ్లేవారు, ఇప్పుడు వెతుక్కోవాలి. వండే ఉద్దేశం లేకపోతే నెలనెలా చింతపండు వేసి తోమే ఓపిక ఎవరికుందో చూసుకొని, ఆ ఓపిక ఎంతో అన్నే ఉంచుకోండి.

స్టీలు సంగతి వేరు. అమ్మబోతే ధర రాదు. ఎనభై పళ్లేలు తూచి ఇస్తే వచ్చే డబ్బుతో ఎనిమిది కొత్తవి వస్తే గొప్ప. కాబట్టి స్టీలును అమ్మకానికి కాక ఇవ్వడానికి అనుకోవడమే మేలు. మంచి స్టీలో కాదో చూడాలంటే అయస్కాంతం దగ్గరగా పెట్టండి. క్రోమియం 18, నికెలు 8 పాళ్లు ఉండే రకాన్ని అయస్కాంతం గట్టిగా పట్టుకోదు. అవి మరో రెండు తరాలు వస్తాయి, వాటిని హాస్టలుకో అన్నదానానికో ఇచ్చినా మాట దక్కుతుంది.

గంగాళం లాంటి పెద్ద పాత్రలను సొంత ఊరి గుడికి ఇవ్వడం ఆనవాయితీ. ఊళ్లో పెళ్లి అయినా దినం అయినా గుడి సామాన్లు తెచ్చుకొని వాడుకొని తోమి ఇస్తారు. కానీ ఇచ్చే ముందు కావాలా అని అడగండి. అడగకుండా ఇస్తే పుణ్యం మీకు, తోమే పని పూజారి ఇంటివాళ్లకు.

అమ్మవలసి వస్తే ఇంట్లోనే తూకం వేసుకొని, బరువు చీటీ మీద రాసుకొని, రెండు అంగళ్లలో అడగండి. ఇనుప కడియాలు, పిడులు ముందే విప్పేయండి. ఆఖరి మాట, నా వ్యాపారానికి నష్టమైనా చెబుతాను: పాతవి ఇచ్చి కొత్తవి తీసుకునే మార్పిడికి మాత్రం ఒప్పుకోకండి. పాతదానికి తరుగు తీస్తాం, కొత్తదానికి మజూరీ వేస్తాం, రెండు చోట్లా మిగిలేది మాకే. పైగా మీరు వచ్చింది సామాను తగ్గించుకోవడానికి.

జవాబు: జొన్నపాతర (ఉరవకొండ)

నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. ఇద్దరి మాటలూ బాగున్నాయి. అయితే ఈ చర్చలో దాచుకోవడమనేది ఏదో జబ్బు అన్నట్టు ఒక ధ్వని వినిపిస్తోంది, దాని మీద నాకు అభ్యంతరం ఉంది.

మన ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. 1876 నుంచి 1878 దాకా సాగిన కరువును మా అవ్వ తరం వాళ్లు ధాత కరువు అనేవారు. అప్పటికి అనంతపురం జిల్లా లేనే లేదు, ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది, 1882లో విడివడింది. కర్నూలు, బళ్లారి, కడప మూడు జిల్లాలూ ఆ కరువులో చితికిపోయాయి. అలాంటి నేల మీద బతికినవాళ్లు పండిన ఏడు జొన్నలను పాతరలో పోసి మట్టి కప్పి, ఎండిన ఏడు తవ్వుకొని తిన్నారు. చేతిలో డబ్బు ఉండేది కాదు. ఇత్తడి బిందె, రాగి కాగు తాకట్టు పెడితే పది సేర్ల గింజలు పుట్టేవి. అంటే గిన్నె అప్పట్లో బ్యాంకు. మా అవ్వ పెళ్లినాటి రాగి కాగు మూడుసార్లు షావుకారి ఇంటికి వెళ్లి మూడుసార్లు తిరిగి వచ్చిందని మా నాయన చెప్పేవాడు. మీ అమ్మగారు వరద తర్వాత గిన్నెలను పట్టుకొని కూర్చోవడం వెనక ఆ పాత బుద్ధే ఉంది, అది చెడ్డ బుద్ధి కాదు. ఇబ్బంది ఎక్కడంటే, ఇప్పుడు మనం దాచే వస్తువులకు ఆ గుణం పోయింది. స్టీలు గ్లాసును తాకట్టు పెట్టుకునేవాడు లేడు, వాడని మిక్సీకి రూపాయి పుట్టదు. దాచుకునే అలవాటు మిగిలింది, దాచుకోదగిన సరుకు పోయింది.

మా ఉరవకొండకు దగ్గరలో కొనకొండ్ల ఉంది. జైన ఆచార్యుడు కుందకుందుడిది ఆ ఊరేనని జైనులు నమ్ముతారు. జైనుల ఐదు వ్రతాల్లో అపరిగ్రహం ఒకటి. సన్యాసికి అది ఏమీ ఉంచుకోకపోవడం. గృహస్థుకు మాత్రం అలా కాదు, తనకు ఎంత ఉంటే చాలునో తానే ముందుగా ఒక మేర నిర్ణయించుకొని దానికి కట్టుబడడం. దాన్ని పరిగ్రహ పరిమాణం అంటారు. మతం సంగతి పక్కన పెట్టి ఆ పద్ధతిని మాత్రం నేను ఇంట్లో వాడుకుంటున్నాను. ఏది పారేయాలి అని అడిగితే ప్రతి వస్తువు దగ్గరా గొడవే. స్థలం ఎంత అని ముందు చెబితే గొడవ తగ్గుతుంది. మీ ఫ్లాటులో వంటింటి కడప బండల అరల్లో రెండింటిని పూర్తిగా ఖాళీ చేసి, ఈ రెండూ నీవేనమ్మా, వీటిలో ఏం పెట్టుకోవాలో నీ ఇష్టం, అని ఆమెకు అప్పజెప్పండి. ఎంచుకునే పని ఆమెదవుతుంది, మీరు మోసే పని చేస్తే చాలు.

ఇక ఇంట్లోకి వచ్చే దారి కూడా కాస్త చూసుకోవాలి, లేకపోతే ఖాళీ చేసిన సజ్జ ఏడాది తిరిగేసరికి మళ్లీ నిండుతుంది. నా అనుభవం ఒకటి. ఒక ఆషాఢం తగ్గింపులో, పక్కింటివాళ్లు తీసుకున్నారని, పిండి రుబ్బే పెద్ద గ్రైండరు వాయిదాల మీద తెచ్చాను. ఇంట్లో ఉండేది ఇద్దరం. దాన్ని కడగడానికి పట్టే సమయంలో వీధి చివర తడిపిండి కొనుక్కొని రావచ్చునని మూడోసారికి తెలిసింది. వాయిదాలు పది నెలలు కట్టాను, ఇప్పుడు అందులో చింతపండు ఉంది. అప్పటినుంచి ఏదైనా కొనాలనిపిస్తే గోడ క్యాలెండరులో ఆ రోజు గడిలో పెన్సిలుతో రాస్తాను, వచ్చే అమావాస్య దాటేదాకా అంగడి వైపు వెళ్లను. పోయిన ఏడాది అలా 23 రాశాను, కొన్నవి ఆరు. మిగిలిన వాటిలో కొన్ని ఎందుకు రాశానో కూడా గుర్తులేదు.

పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆడవాళ్లు వీధిలోకి వస్తే అమ్మగారిని ఒక కంట కనిపెట్టండి. వాళ్ల పొట్టకూటి పని అది, దాన్ని తప్పుపట్టను. బట్టలు ఊరికే ఇవ్వండి. నాలుగు చీరలు పోయి ఒక బేసిను వచ్చిందంటే మీ 140 గ్లాసులకు తోడు మరొకటి దొరికినట్టే.

జవాబు: పట్టుపోగు (ధర్మవరం)

చీరల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. మాది మగ్గం ఇల్లు.

నూలు చీరలను, పట్టు చీరలను వేరు చేయండి. మెత్తబడిన నూలు చీరలు ఐదారు కలిపి బొంత కుట్టిస్తే చలికాలం దాని ముందు కంబళి చాలదు. పసిపిల్లలున్న ఇళ్లలో ఎవరడిగినా సంతోషంగా తీసుకుంటారు. పట్టు చీరల్లో పాతవాటికి వెండి జరీ ఉండే అవకాశం ఉంది. పాత జరీ చీరలు కొంటామని వచ్చేవాళ్లు ఆ వెండి కోసమే కొని కాలుస్తారు, కాబట్టి ఒక పోగును నమ్మకమైన కంసాలి దగ్గర చూపించకుండా ఇవ్వకండి. ఉంచుకునేవాటిని మూడు నెలలకొకసారి మడత మార్చాలి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే ఆ గీత వెంబడే చీర చిరుగుతుంది. తెల్లటి నూలు గుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ కవరులో వద్దు, కలరా ఉండలు జరీకి తగలకూడదు. మీ అమ్మగారు ఏటా నాలుగుసార్లు మడత మార్చగలిగినన్ని పట్టుచీరలు ఉంచితే చాలు. మా అమ్మకు ఆ లెక్క పదకొండు.

జవాబు: పాతబస్తీ కుర్రాడు (కర్నూలు)

రెండే మాటలు. పాత సెల్‌ఫోన్లు, ఉబ్బిన బ్యాటరీలు, ట్యూబులైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బులు చెత్తబండిలో వేయకండి, గుజిరీకీ ఇవ్వకండి. సీఎఫ్‌ఎల్ బల్బులో పాదరసం ఉంటుంది, పాత డబ్బా టీవీ గాజులో సీసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఫోన్లు, టీవీలు, బల్బులను సక్రమంగా రీసైకిలు చేయించే బాధ్యత తయారీదారులది, కాబట్టి ఆ కంపెనీ వినియోగదారుల నంబరుకు ఫోను చేసి ఎక్కడ ఇవ్వాలో అడగండి. ఫోను ఇచ్చే ముందు సిమ్ము, మెమరీ కార్డు తీయడం మరవకండి.

రెండోది, కాగితాలు. వరదలో మా ఇంటి దస్తావేజులు కూడా పోయాయి, నకళ్ల కోసం రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరిగిన రోజులు గుర్తున్నాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అందరూ గిన్నెల మీద పడి, పాత పేపర్ల కట్టలో దస్తావేజు ఒకటి కలిసి పోయేదాకా చూసుకోరు. ప్రతి కట్టా విప్పి, ఒక్కొక్క కాగితం తిప్పి చూశాకే తూకానికి వేయండి.

మళ్లీ హంద్రీగట్టు (అనంతపురం)

నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అన్నీ అనుకున్నట్టు జరగలేదు.

నోటుపుస్తకం పని బాగా కుదిరింది. మొదటి సాయంత్రం అమ్మ అనుమానంగా చూసింది గానీ, రెండో రోజు నేను బడి నుంచి వచ్చిన పిల్లాడిలా పుస్తకం తెరిచి కూర్చునేసరికి తానే గిన్నెలు ముందు పేర్చి పెట్టింది. మొత్తం 63 కుటుంబాల పేర్లు రాశాం. డోన్ వాళ్లకు మేము తిరిగి ఏమీ పెట్టలేదని తేలింది. వాళ్ల రెండో అబ్బాయి ఫోను నంబరు సంపాదించి మాట్లాడితే, వచ్చే మాఘంలో కూతురి పెళ్లి ఉందన్నాడు, కర్నూలు పెద్దమ్మ తప్పకుండా రావాలన్నాడు. ఆ పళ్లెం ఇప్పుడు అనంతపురం వచ్చింది. మైదుకూరు అక్కయ్యగారి ఇంట్లో జరిగినదానికి మా ఇంట్లో తిరగబడింది: ఎవరూ మిగలని వాళ్ల గిన్నెలను అమ్మ ముందుగా ఇచ్చేసింది. "వాళ్లు ఎట్లాగూ పోయినారు, వాళ్ల పళ్లెంలో ఎవరన్నా నాలుగు మెతుకులు తింటే మంచిదే కదా" అంది.

గంగాళం కోసం వెల్దుర్తి దగ్గరున్న మా పూర్వీకుల ఊరి గుడివాళ్లను అడిగితే, ఇప్పటికే మూడున్నాయని, పళ్లేలు గ్లాసులు ఉంటే ఇవ్వండని అన్నారు. 80 పళ్లేలు, 100 గ్లాసులు అక్కడికి చేరాయి. గంగాళాన్ని అమ్మేశాం. ఇంట్లో తూచిన బరువుకూ మొదటి అంగడివాడి కాటాలో చూపిన బరువుకూ కిలోంబావు తేడా వచ్చింది. నేను మొహమాటపడుతుంటే అమ్మ ఆటోలోంచి దిగి, చీటీ అతని ముందు పెట్టి, గంగాళం మళ్లీ ఆటోలోకి ఎక్కించింది. రెండో చోట సరైన తూకానికే పోయింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆటో ఎలా దిగిందో నాకు అర్థం కాలేదు.

కంచు గిన్నెలను పాత ధోవతుల్లో చుట్టి తెచ్చాం, ఒక్కటీ పగలలేదు. కడప బండల అరలు రెండూ నిండాయి, మూడో అరలోకి రెండు క్యారియర్లు పాకాయి. మా ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది. గడియారాలు మొదటి రోజే పోయాయి. ప్లాస్టిక్ కవర్లు మాత్రం, ఎన్ని చెప్పినా, పరుపుతో పాటే వచ్చాయి. నాన్నగారి చొక్కాల జోలికి నేను వెళ్లలేదు, అమ్మా వెళ్లలేదు. పెట్టె అలాగే తాడు కట్టి తెచ్చాం.

పాతబస్తీ తమ్ముడు చెప్పినట్టు కాగితాల కట్టలన్నీ విప్పి చూస్తే, పాత క్యాలెండర్ల మధ్య నాన్నగారి పింఛను పుస్తకం, మా తాత పేరు మీదున్న భూమి శిస్తు రశీదులు దొరికాయి. అన్నీ ఒక మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టాను. బీరువా కింది అరలో ఉంచితే అమ్మ తీసి పైఅరకు మార్చింది. ఇక్కడ మూడో అంతస్తులో ఉన్నామమ్మా, ఏ నది పొంగినా ఇంత పైకి రాదు అన్నాను. "పైనుంటే నీకేం నష్టం?" అంది.

ఒక్క విషయం మిగిలింది. కుట్టు మిషను అమ్మేద్దామని తుడుస్తుంటే, బొంత సంగతి చదివి వినిపించినందుకో ఏమో, నూలు చీరలు నాలుగు వేరుగా తీసి పెట్టుకొని, మిషను బాగుచేయించమని అమ్మ అడిగింది. తలకాయ బాగానే తిరుగుతోంది గానీ, కింది చక్రం నుంచి పైకి వెళ్లే తోలు బెల్టు ఎండి రెండు చోట్ల తెగింది. పాత రకం కాలి మిషనుకు సరిపోయే తోలు బెల్టు, దాన్ని కలిపే చిన్న ఇనుప కొక్కెం అనంతపురంలో ఎక్కడ దొరుకుతాయో తెలిసినవారు చెప్పగలరు.